ప్రమీల గొంతుకు నేను చెప్పిన తప్పు అర్థం

2023 వానాకాలం. తెనాలిలో క్లినికల్ సైకాలజిస్టుగా నాకది పదమూడో ఏడు. నేను మందులు రాయను, మనుషుల చేత మాట్లాడించడమే నా పని. ఒక ఈఎన్‌టీ డాక్టరు గారు రేపల్లె టీచరు ఒకావిడను నా దగ్గరికి పంపారు. పేరు ప్రమీల అనుకుందాం. వాళ్ళ చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆవిడే. మాట బాగానే వస్తుంది, పాట ఎత్తుకుంటే మాత్రం గొంతు పూడుకుపోతుంది. పరీక్షల్లో ఏ లోపమూ లేదు. దీన్ని మేము ఫంక్షనల్ వాయిస్ లాస్ అంటాం. గొంతు బాగానే ఉంది, అడ్డం పడుతున్నది మనసు.

అంతకు ఏడాది ముందు బాపట్లలో తల్లి దగ్గర ఉండే తమ్ముడు తాగి తాగి లివరు పాడై చనిపోయాడు. భూస్థాపన రోజున కంట తడి లేకుండా ప్రమీలే పాడింది. "విశ్వాసమంటే ప్రమీలమ్మదే" అని అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాల్లో మొదటి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. మళ్ళీ ఆవిడే పాడాలి. తమ్ముడి గురించి అడిగితే "మంచోడేనండి" అని ఊరుకుంది.

"నా సంగతి వదిలేయండి మేడం. ఒక సినిమా గురించి అడగొచ్చా?"

సినిమా అంటే నేను వైద్యం కూడా మరిచిపోయే మనిషిని. అడగమన్నాను. అందులో కథానాయిక మంచాన పడ్డ తండ్రికి ఏళ్ళ తరబడి సేవ చేస్తుంది. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ కాఫీలు ఇస్తుంది. ఇక అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు ఇల్లు కడుగుతూనే ఉంటుంది. చివరికి ఒక పెళ్ళిలో ఎవరో "నీలాంటి కూతురు ఉండాలమ్మా" అనగానే చేతిలో గిన్నె విసిరికొట్టి కుప్పకూలిపోతుంది.

"మెచ్చుకుంటే అంత కోపం ఎందుకండి ఆ పిల్లకి?"

నేను రెచ్చిపోయాను. "దాన్ని రిప్రెషన్ అంటారండి. భరించలేనిదాన్ని మనసు మనకే తెలియకుండా లోపలికి తొక్కేస్తుంది. ఆ పిల్ల తొక్కింది ఏడుపుని. కన్నీళ్ళకి బదులు నీళ్ళు పోసి ఇల్లు కడుగుతోంది. మీరూ అంతే. తనివితీరా ఏడవండి, గొంతు అదే వస్తుంది."

ఆవిడ బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుని వెళ్ళింది. ఎంత బాగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాతి వారం ఆవిడ రాలేదు. భర్త ఫోన్ చేశాడు.

"మేడం, మా ఇంటావిడ మీ దగ్గరికొచ్చిందాండి? పొద్దున బడికని బయల్దేరింది, అక్కడికి పోలేదంట. నాలుగు రోజుల్నుంచి తలుపేసుకుంటోందండి. ఏడుపు రావట్లేదు, నేను మనిషినేనా అంటోంది."

ఆ మాటను మా వృత్తిలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. పోలీసులకు చెప్పమన్నాను. తల్లికి ఫోన్ చేయిస్తే అక్కడికీ రాలేదంది. ఆయన రేపల్లెలో వెతుకుతుంటే, తమ్ముడి సమాధి బాపట్లలోనే ఉందని గుర్తొచ్చి కారు మాట్లాడుకున్నాను. దారి పొడుగునా ఒకటే భయం. సినిమా గురించి చెప్పిన రోజు నేను ఆవిడ ముఖం చూడనే లేదు, నా తెలివి చూసుకుని మురిసిపోయాను. ఏమన్నా అయితే అది నా నోటి వల్లే.

సమాధుల తోటలో కనిపించింది. కూడికకు ముందు సమాధికి సున్నం వేయడం వాళ్ళ ఆనవాయితీ. జల్లు పడుతోంది. వేసిన సున్నం వేసినట్టే కారిపోతుంటే మళ్ళీ వేస్తోంది.

"ప్రమీల గారూ."

ఆవిడ వెనక్కి తిరగలేదు. "మీరు చెప్పింది తప్పండి మేడం. ఆ పిల్ల దాచుకుంది ఏడుపు కాదు. తండ్రి కన్ను మూయగానే హమ్మయ్య అనుకుంది. ఆ పాపం కడుక్కుంటోంది."

"మీరు?"

"నేనూ అంతేనండి. తమ్ముడు పోయాడని ఫోనొస్తే, పెట్టేసి హమ్మయ్య అని పైకే అన్నాను. ఆ సంగతే మర్చిపోయాను. మీరు ఏడవమన్నాక, కన్నీళ్ళ కోసం వెతుక్కుంటుంటే ఇది బయటపడింది. వాడు తాగి రోడ్డు మీద పడిపోయిన ప్రతిసారీ వచ్చి ఎత్తుకెళ్ళేదాన్ని. చాలా అలిసిపోయానండి. మా అమ్మకి తెలిస్తే బతకదు."

ఇలాంటప్పుడు డొంకతిరుగుడు పనికిరాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగాను.

"పొద్దున అనిపించిందండి. చెప్పేశాక ఇప్పుడు లేదు."

భర్తకు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత రోజు విడిచి రోజు పిలిపించుకున్నాను. సినిమా ఊసెత్తలేదు, ఆవిడ చెప్పింది వినడమే. కూడికకు నాలుగు రోజుల ముందు, తల్లికి నా ఎదుటే చెబుతానంది. పెద్దావిడ బాపట్ల నుంచి వచ్చి కూర్చుంది. ప్రమీల తల వంచుకుని మొత్తం చెప్పింది.

పెద్దావిడ కూతురి చెయ్యి పట్టుకుంది.

"వాడు పోయిన మర్నాడు నేను కంటినిండా నిద్రపోయానే అమ్మాయ్. తలుపు చప్పుడు కోసం చూడకుండా పడుకోవడం పన్నెండేళ్ళ తర్వాత అదే. లేచాక సిగ్గేసింది. ఎవరికి చెప్పుకోను?"

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. కూడికలో పాట వేరేవాళ్ళు పాడారు.

ఏడవని మనిషిని చూడగానే ఏడుపు దాచుకుందని అనుకోవడం నాకు పుస్తకాల వల్ల అబ్బిన జబ్బు. అప్పటి నుంచి ఎవరైనా ఫలానా పాత్ర ఎందుకలా చేసిందని అడిగితే "మీకేమనిపించిందండి?" అని మాత్రమే అడుగుతున్నాను. వాళ్ళు జవాబు చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ కష్టమే.