గుర్రపుడెక్క దేవుడికి ప్రమోషన్

గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే బాలశౌరి ప్రతి ఆదివారం దేవుళ్ళని తయారుచేస్తాడు. ఈ సంగతి చెవిన పడి మా చర్చి ఫాదర్ గారు ఒకసారి అతన్ని పక్కకి పిలిచి, అన్య దేవతల్ని కొలుస్తున్నావట కదా అని నిలదీశారు. కొలవడం లేదు ఫాదర్, వాళ్ళకి డ్యూటీలు వేస్తున్నానంతే అన్నాడు. ఫాదర్ గారికి అర్థం కాలేదు. కాకపోవడమే మంచిదైంది.

నేను ఎలిజబెత్‌ని. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, కాస్త నోరున్నదాన్ని. వన్ టౌన్‌లో బాలశౌరి వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగాం. ఆదివారం చర్చిలో రెండో పూజ అయ్యాక అతను పనిచేసే షాపు షట్టర్ సగం దించి ఓ ఐదారుగురం లోపల కూర్చుంటాం. మా ఆటకి బోర్డు లేదు, పేకముక్కలు లేవు. బాలశౌరి ఒక లోకాన్ని చెబుతాడు. అందులో మేము తలా ఒక వేషం కట్టి, ఏం చెయ్యబోతున్నామో చెబుతాం. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నేను పడవల దొంగని. వారమంతా ఆఫీసులో మర్యాదగా ఉండేదాన్ని, ఆదివారమైనా దొంగతనం చేసుకోకపోతే పిచ్చెక్కుతుంది.

ఆ లోకం పేరు ఏడు లంకలు. అంతా బాలశౌరి సొంత కల్పన. కొండ మీద అమ్మవారినీ గుణదల మాతనీ ఇందులోకి లాగకూడదని మొదటి రోజే షరతు పెట్టి, దేవుళ్ళని కొత్తగా పుట్టించాడు, వాళ్ళకి మెట్లు కట్టాడు. ఆ మెట్లు ఫ్లెక్సీల్లోంచి వచ్చినవే. మన బెజవాడలో ఫ్లెక్సీకి ఒక శాస్త్రం ఉంది. పై వరసలో చిన్న చిన్న గుండ్రాల్లో ఉండేవాళ్ళు అసలు పెద్దలు. వాళ్ళేమీ చెయ్యరు, వాళ్ళ మాట మీద అన్నీ జరుగుతాయి. కింద నిలువెత్తున చేతులు జోడించి నిలబడేవాడు ఆ పెద్దల దయ కోసం ఫ్లెక్సీ వేయించినవాడు. అడుగున అగ్గిపెట్టెలంత డబ్బాల్లో ఇరుక్కునేవాళ్ళు వాడి వెనక తిరిగేవాళ్ళు. సైజు చూసి మోసపోకూడదు, ఎవడు ఎవరికి చేతులు జోడించాడో చూడాలి అంటాడు బాలశౌరి.

ఏడు లంకల్లోనూ అంతే. పై వరసలో ఒకే ఒక్క దేవత. ఆమె కింద వరదకీ గాలికీ నిలువెత్తు దేవుళ్ళు. వాళ్ళ కింద డబ్బా దేవుళ్ళు, రేవుకొకడు, సందుకొకడు, దోమలకొకడు. ఈ డబ్బా దేవుళ్ళకి భక్తుల గోల పట్టదు, ప్రమోషన్ల కోసం కొట్టుకు చస్తుంటారు. మా ఆఫీసుని చూసి రాశావా అని నేనొకసారి అడిగాను.

పై వరస దేవత మొహం బాలశౌరి వాళ్ళమ్మది. సంపూర్ణమ్మత్త బతికినంత కాలం వన్ టౌన్‌లో ఒక మిర్చి గోడౌన్‌లో కాయలకి తొడిమలు తీసింది, మంచి కాయనీ రంగు పోయిన తాలు కాయనీ వేరుచేసింది. ఇంటికొచ్చాక మా బుగ్గలు ముట్టుకునేది కాదు, మంటపుడతాయని. షావుకారు గోడౌన్‌లో అడుగుపెడితే ఆడవాళ్ళంతా లేచి దణ్ణం పెట్టాలి, ఆయన ఫోన్లోంచి తలెత్తినా ఎత్తకపోయినా. ఆ ఘాటుకి దగ్గీ దగ్గీ చివరికి పోయింది. ఆ రోజు గోడౌన్ వైపు నుంచి ఒక్క పురుగు కూడా రాలేదు.

ఏడు లంకల్లో చచ్చిన ప్రతివాడూ గోనెసంచిలో ఆమె ముందుకి రావాలి. ఆమె తొడిమ తీసి, మంచివాణ్ణి ఒక కుప్పలోకీ తాలు వెధవని ఇంకో కుప్పలోకీ వేస్తుంది. సంపూర్ణమ్మత్తకి ఉన్నది ఒక్కటే ఫొటో, కొడుకు చర్చిలో మొదటి సత్ప్రసాదం అందుకున్న రోజున తీసింది. అందులోంచి మొహం కత్తిరించి పైన పెట్టాడు. ఊళ్ళో అందరి మొహాలూ పైకెక్కించి బతుకుతున్నాను, మా అమ్మకి ఆ ఒక్క చోటైనా ఉండనీ అన్నాడు నాతో. నాకు ఏడుపొచ్చింది. జలుబని చెప్పాను.

మిగతా దేవుళ్ళ మొహాలకి షాపు కంప్యూటర్‌లో ఉన్న కస్టమర్ల ఫొటోలే గతి. వాటిలో ఎటు చూసినా తగిలేది రామకోటేశ్వరరావు గారు. మిర్చి షావుకారు, వర్తకుల సంఘం అధ్యక్షుడు. పుట్టినరోజుకీ, పండక్కీ, ఎవరైనా పోతే సంతాపానికీ అదే నవ్వుతో ఫ్లెక్సీ వేయించే మనిషి. సంపూర్ణమ్మత్త దణ్ణాలు పెట్టిన షావుకారు ఈయనే. బాలశౌరి ఆయన్ని కాలవలకి అడ్డంపడే గుర్రపుడెక్కకి దేవుణ్ణి చేశాడు. డబ్బాల్లో కూడా ఆఖరి డబ్బా. ఎదురుగా ఒక్క మాట అనలేనివాడు అలాగైనా కసి తీర్చుకున్నాడని నేను ముచ్చటపడ్డాను.

ఆట బల్ల మీద పరుచుకుందామని ఆ దేవుళ్ళందరి పటాన్నీ పెద్ద ఫ్లెక్సీగా ప్రింటు తీసి, చుట్టి మూలన పెట్టాడు. అక్కడే కొంప మునిగింది. ఫ్లెక్సీలు కట్టే జాన్‌బాబు పొద్దున్నే వచ్చి మూలనున్న చుట్టలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుపోయాడు. కట్టేవాళ్ళు ఫ్లెక్సీలో ఏముందో చదవరు, తాడు దేనికి కట్టాలో చూస్తారు. అలా ఏడు లంకల దేవుళ్ళు హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టుకి ఎదురుగా లేచి నిలబడ్డారు. రామకోటేశ్వరరావు గారి పొలాలు ఆ చుట్టుపక్కలే. ఆయన మొహం కింద గుర్రపుడెక్క దేవుడు అని చదివి, టీకి ఆగిన లారీ డ్రైవర్లు కూడా ఫొటోలు తీసుకున్నారు.

ఆదివారం మేము ఆటలో ఉండగా ఆయన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చారు. వెనకే షాపు ఓనరమ్మ సుబ్బరత్నం గారు, మొహాన నెత్తురు చుక్క లేకుండా. బాలశౌరి లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇది ఆట, వీళ్ళు ఎక్కడా లేని దేవుళ్ళు, పటం పొరపాటున జంక్షన్‌కి పోయింది, క్షమించండి అన్నాడు.

ఆయన బాధ అది కాదు. దేవుణ్ణి చేసినందుకు ఆయనకేమీ అభ్యంతరం లేదు, అందులో వింతేముంది అన్నట్టే మాట్లాడారు. ఆఖరి డబ్బాలో పెట్టినందుకు మండింది. పరువు పోయిన చోటే వెతుక్కోవాలి కాబట్టి అదే ఫ్లెక్సీ అదే జంక్షన్‌లో మళ్ళీ కట్టాలన్నారు, ఈసారి తను ఉండాల్సిన చోట. కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్‌లో పటాన్ని చూశారు.

"ఎవరోయ్ పైన ఈ ఆడమనిషి? తీసెయ్. అక్కడ నన్ను పెట్టు."

నేను లేచాను. బాలశౌరి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

సుబ్బరత్నం గారు చెడ్డమనిషి కాదు. కానీ షాపు రామకోటేశ్వరరావు గారి పనుల మీదే నడుస్తోంది. ఆయన్ని కారెక్కించి వచ్చి, బుధవారానికి ఆయన మెచ్చేలా ఫ్లెక్సీ కట్టకపోతే ఇంక పనిలోకి రావద్దని బాలశౌరికి చెప్పేసింది. ఆయన గెంటించినవాడికి గవర్నర్‌పేటలో ఇంకే షాపులోనూ కుర్చీ వెయ్యరు. ఆటలో వాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. వేసెయ్యి, పోయేదేముంది, ఎంతైనా ఆటే కదా అన్నారు. నాకు ఒళ్ళు మండి వాళ్ళని దులిపేశాను.

అందరూ వెళ్ళాక బాలశౌరి నాతో అన్నాడు: "ఆటే, ఎలీ. బయటెక్కడా మా అమ్మకి చోటు లేదు. ఇక్కణ్ణించి కూడా లేపేస్తే ఇంకెక్కడికి పోద్ది?"

నోరున్నా లాభంలేని రోజులు కొన్ని ఉంటాయి.

మంగళవారం ఆఫీసు అయ్యాక షాపుకి వెళ్ళేసరికి ఫ్లెక్సీ తయారైంది. రామకోటేశ్వరరావు గారు తల నుంచి చెప్పుల దాకా నిలువెత్తున ఉన్నారు, వెనక సూర్యకిరణాలు. వరద దేవుడూ గాలి దేవుడూ ఆయన మోకాళ్ళ దగ్గర డబ్బాల్లోకి దిగిపోయారు. గుర్రపుడెక్క మాట లేదు, లంకలన్నిటికీ దేవుడని రాశాడు. పైన గుండ్రంలో సంపూర్ణమ్మత్త అలాగే ఉంది. ఆయన చేతులు ఆవిడకే జోడించి ఉన్నాయి.

షావుకారు ఒప్పుకోడని నేనన్నాను. ఒప్పుకున్నాడు. వచ్చి తన బొమ్మ ఎంతుందో బెత్తలతో కొలిచినంత పని చేసి, తెగ సంతోషపడ్డాడు. ఆయన ఫ్లెక్సీలన్నిటి పైనా ఎవరో ఒక పెద్దల గుండ్రాలు ఉంటూనే వచ్చాయి, లేకపోతే ఆయనకే వెలితి. పైన బోసిగా ఉంటే బాగోదు, ఆ చిన్న గుండ్రం ఉండనీలే అని తనే అన్నాడు. సుబ్బరత్నం గారు కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగింది.

బుధవారం నేను సగం రోజు సెలవు పెట్టి మరీ హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. జాన్‌బాబు ఈసారి పటం విప్పి చూసి మరీ కట్టాడు. రామకోటేశ్వరరావు గారు తెల్లబట్టల్లో కారు దిగి, తనకో ఫొటో తియ్యమని ఫోను బాలశౌరి చేతికిచ్చారు. సంఘం గ్రూపులో పెట్టుకోవాలట. కెమెరా వైపు చూస్తే భక్తి రాదండీ, పటం వైపు తిరిగి దణ్ణం పెట్టండి, పక్కనుంచి తీస్తాను అన్నాడు బాలశౌరి. ఆయన తిరిగారు.

"ఇంతకీ ఈవిడ పేరేంటోయ్? ఎవరన్నా అడిగితే చెప్పాలిగా."

"సంపూర్ణమ్మండీ."

ఆయనకేమీ గుర్తురాలేదు. బాగుంది, దేవత పేరులాగే ఉంది అని మెచ్చుకున్నారు. బాలశౌరి మొహంలో ఏ మార్పూ లేదు. ఒక ఫొటో తీసి, కళ్ళు మూసుకున్నారండీ, ఇంకొకటి అన్నాడు. ఆయన మళ్ళీ దణ్ణం పెట్టారు. లారీ అడ్డమొచ్చిందన్నాడు. మళ్ళీ పెట్టారు. ఎండ మొహాన కొడుతోందన్నాడు. టీ కొట్టు దగ్గర జనం చేరి చూస్తున్నారు, ఆయన చెమటలు కక్కుతూ పైకి చూసి మళ్ళీ చేతులు జోడించారు. నేను బాలశౌరి భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూశాను. మొదటి ఫొటోనే శుభ్రంగా వచ్చింది.

"చేతులు ఇంకాస్త పైకండీ," అన్నాడు బాలశౌరి.