అక్క కుడిచెయ్యి, మూడు సెకన్లు

కంటి ఆపరేషను అయ్యాక అక్క కొన్నాళ్లు వెలుగు చూడలేకపోయింది. పగలంతా తలుపులు, కిటికీలు మూసిన మధ్యగదిలోనే ఉండేది. విజయనగరంలో నలభై ఒక్క ఏళ్లు తను పిల్లలకి పాఠం చెప్పిన వీణని ఆరోజు సాయంత్రం ఐదింటికి శిష్యురాలు వచ్చి తీసుకెళ్తుంది. ఆలోగా వీణతో అక్కని ఒక్క ఫొటో తియ్యాలని నా పట్టుదల.

ఫ్లాష్ వెయ్యకూడదు. ఫోనులో చీకట్లో తీసే పద్ధతి పెడితే మూడు సెకన్లు ఫోనూ కదలకూడదు, మనిషీ కదలకూడదు. అందుకని ఫోనుని స్టూలు మీద బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టాను. నాలుగు ఫొటోలు తీశాను. నాలుగింటిలోనూ మొహం, వీణ బాగానే వచ్చాయి. కుడిచెయ్యి మాత్రం పొగలా వచ్చింది.

"కదలొద్దన్నానా?"

"మూడు సెకన్లని నువ్వే సెప్పావు కదే. తాళం ఎయ్యకపోతే ఎలా లెక్కెట్టేది?"

"లెక్క నేను చూసుకుంటాను. నువ్వు ఊరికే కూర్చో."

"ఒసే, నీకు తాళం ఎప్పుడు నిలిచిందే?"

అది నిజమే. అప్పటికి నాలుగున్నర దాటింది. ఇక పది సెకన్ల టైమరు పెట్టి, గబగబా వెళ్లి అక్క పక్కన కూర్చుని, ఆ చేతిని నా రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకున్నాను.

ఐదో ఫొటో స్పష్టంగా వచ్చింది. చూసినవాళ్లందరూ అక్క ఎంత నిదానంగా కూర్చుందో అంటారు. నా అరచేతుల్లో మాత్రం చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు వరసగా తాళం వేస్తూనే ఉన్నాయి.