మూత లోపలి చెమట

మూడేళ్ల కిందటి శ్రావణమాసం. తెనాలిలో నాకు చిన్న రిపేరు కొట్టుంది. మిక్సీలు, గ్రైండర్లు, ఈమధ్య ఓటీజీలు కూడా. ఓటీజీ అంటే బల్లమీద పెట్టుకునే కరెంటు ఓవెన్. లోపల పైనా కిందా రాడ్లు ఎర్రగా కాలతాయి. రేపల్లె అవతల ఏటి ఒడ్డున ఉన్న పెనుమూడి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఓవెన్ సరిగా కాలట్లేదు. కాకరకాయ చిప్స్ చేస్తే తోలులా సాగుతున్నాయి."

వెళ్లాను. రాడ్లు బాగున్నాయి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా సరిగానే ఉంది. "బ్రహ్మాండంగా ఉందక్కా" అని చెప్పి వచ్చేశాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే. మూడోసారి ఫోన్ మోగేసరికి నాకు ఒళ్లు మండింది. పెనుమూడి ఏమన్నా పక్కవీధా!

"మిషన్లో ఏం లేదండి. మీకే చెయ్యడం రావట్లేదేమో" అనేశాను.

ఆవిడ మెల్లగా అంది.

"మీ బావగారి గుండెకి స్టెంటు వేశారు తమ్ముడూ. నూనె వేపుళ్లు వద్దన్నారు డాక్టరుగారు. నంజుకోడానికి కరకరలాడేది లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. పనుందని చెప్పి రేపల్లె వెళ్లి బజ్జీలు తినొస్తున్నారు. తెలీనట్టు ఊరుకుంటున్నానుగానీ, నాకు భయంగా ఉంది."

సిగ్గేసింది. మర్నాడే వెళ్లాను. ఈసారి స్క్రూడ్రైవర్ బయటికి తియ్యకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను.

"రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండక్కా."

ఆవిడ పనితనం చూడాలి! కాకరకాయల్ని పల్చగా చక్రాల్లా తరిగి, ఉప్పు రాసి పిండి, గుడ్డమీద ఆరబెట్టింది. చెంచాడు నూనె, కాస్త బియ్యప్పిండి పట్టించి, ట్రేలో ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచింది. అరగంటకి తీస్తే అంచులు ఎర్రగా కాలాయి. ఒకటి నోట్లో వేసుకుంటే కరకరలాడింది. ఇంకెక్కడ లోపం అని నేను అనుకుంటూ ఉండగానే, ట్రే మొత్తం స్టీలు డబ్బాలోకి వంచి మూత బిగించేసింది.

"అదేంటక్కా?"

"ఏటి గాలి కదా తమ్ముడూ, బయట ఉంచితే మెత్తబడిపోవూ? మా అత్తగారు వడియాలు వేయించినా వెంటనే డబ్బాలో పెట్టేసేది."

పావుగంట ఆగి మూత తెరిచాను. లోపలంతా చెమట. నూనెలో వేగిన వడియంలో తడి మిగలదు. ఓవెన్‌లో కాలిన కూరముక్కలో ఇంకా కాస్త ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోలేక ముక్కలమీదే దిగింది.

రెండో ట్రే కాలాక ఓవెన్ ఆపేసి, తలుపు ఓరగా తెరిచి, లోపలే చల్లారనిచ్చాం.

భోజనాల వేళకి బావగారు పొలం నుంచి వచ్చారు. కంచం చూసి, "మళ్లీ ఆ తోలుముక్కలేనా?" అని విసుక్కుంటూనే ఒకటి కొరికారు. కర్రుమంది. ఆశ్చర్యంగా ఇంకోటి తీసుకున్నారు. ఆ తర్వాత ముద్ద మీద ముద్ద తిన్నారు.

"ఇక రేపల్లెలో పనులు తగ్గుతాయేమో" అంది అక్క.

ఆయన నమలడం ఆపేశారు. "నీకెలా తెలుసు?"

"మీ చొక్కాలు ఉతికేది నేనే కదండీ."

ఆయన తలొంచుకుని కంచం ముందుకు జరిపారు. "ఇంకాసిని వెయ్యి."

నా పని ఓవెన్ తలుపు దగ్గర అయిపోతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ ఇంట్లో అది ఆయన కంచం దాకా ఉంది. ఇప్పుడు ఓవెన్ గురించి ఎవరు ఫోన్ చేసినా, టూల్స్ సంచీ విప్పకముందే అడుగుతాను: "తీశాక ఎక్కడ పెడుతున్నారమ్మా?"