పలకకూడని పద్నాలుగు రోజులు

కర్నూలులో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. వినికిడి పరీక్షలు చేయడం నా పని. డాక్టరమ్మ గొంతులోకి కెమెరా గొట్టం పెట్టి చూసేటప్పుడు పక్కన నిలబడి మత్తుమందు చల్లడం, తెర మీద బొమ్మ సరిగ్గా వచ్చేలా చూడడం కూడా నాదే. గొంతు పోయిందని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది టీచర్లు, మార్కెట్ యార్డులో వేలం పాడేవాళ్లు, బస్టాండులో ఊళ్ల పేర్లు అరిచేవాళ్లు. పాటలు పాడేవాళ్లు అంతవరకు ఒక్కరూ రాలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మాస్కు, టోపీ పెట్టుకున్న ఒకతను లోపలికి వచ్చాడు. చీటీ మీద ఉన్నది ఎవరికీ తెలియని అసలు పేరు కాబట్టి నేను గుర్తుపట్టలేదు. కుర్చీలో కూర్చుని మాస్కు తీసి, "అక్కా" అన్నాడు. రేకు మీద గరిటెతో గీకినట్టుంది ఆ మాట. ముఖం చూశాక నా చేతిలోని సీసా బల్ల మీద పెట్టేశాను. మా బ్యాండులో పాడే పిల్లాడు.

మా బ్యాండు అని అలవాటుగా అనేస్తాను. నాకు అందులో ఏ పనీ లేదు. కర్నూలు వాళ్లిద్దరు, వేంపల్లె నుంచి ఒకడు, కడప నుంచి ఒకడు, మొత్తం నలుగురు. ఆరేళ్ల కింద ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద, ఆదివారాలు పిల్లలు లేనప్పుడు వాయించుకునేవాళ్లు. మా తమ్మునికి ఆ కింద సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. మొదట్లో "ఈ డబడబలతో తలకాయ పగలతాండాది" అని తిట్టుకున్నవాడే, నెల తిరక్కుండా వాళ్లకు వైర్లు అతికించి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం నన్నూ తీసుకుపోయాడు. ముప్పై మందిమి చాపల మీద కూర్చున్నాం. ఆ పిల్లాడు మేం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే పాడాడు. యాడికి, ఈడ, శానా, అన్నీ అట్లాగే. పాటలో ఆ మాటలు వింటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో కళ్లు తడిశాయి.

తర్వాత హైదరాబాదు పిలిచింది, బెంగళూరు పిలిచింది. మా తమ్ముడు, వాని స్నేహితులు రైల్లో నిలబడి పోయి వచ్చేవాళ్లు. సెలవు దొరికితే నేనూ. హైదరాబాదు పిల్లలు మా మాటలు వచ్చీరాక పాడుతుంటే మావాళ్లు ఒకరినొకరు గుద్దుకుని మురిసిపోయేవాళ్లు. అందుకే ఆ పిల్లాడు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ముందు వరసల్లో ఎప్పుడూ కనిపించే ఆడమనిషిని నేనొక్కదాన్నే.

డాక్టరమ్మ వచ్చి గొట్టం పెట్టింది. తెర మీద స్వరతంత్రులు రెండూ కనిపించాయి. మామూలుగా అవి తెల్లగా, తడిగా, నిటారుగా ఉంటాయి. అతనివి రెండింటి మీదా బియ్యపుగింజంత బొడిపెలున్నాయి. అంతకన్నా నన్ను భయపెట్టింది కుడివైపుది. అది మొత్తం ఎర్రగా ఉంది. లోపల రక్తనాళం చిట్లింది.

"ఎప్పుడు పోయింది గొంతు?" డాక్టరమ్మ అడిగింది.

"నిన్న. ప్రాక్టీసులో. పైకి ఎత్తుకున్నప్పుడు... టక్కుమని."

"ఇంక మాట్లాడొద్దు. ఈ క్షణం నుంచి పద్నాలుగు రోజులు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా. నువ్విప్పుడు గట్టిగా అరిస్తే అక్కడ మచ్చ కట్టేస్తుంది. మచ్చ కట్టిందంటే నేను కాదు, ఎవరూ ఏమీ చేయలేరు."

కర్నూలు కచేరీ ఇంక పది రోజులుంది. సొంతూళ్లో అతని మొదటి పెద్ద కచేరీ అది. ఊరంతా పోస్టర్లు. కోయిలకుంట్ల నుంచి, వేంపల్లె నుంచి పిల్లలు బండ్లు మాట్లాడుకున్నారు. ఆ పనులన్నీ చూస్తున్నది మా తమ్ముడే.

అతను ఫోన్ తీసి టైపు చేసి ముందు డాక్టరమ్మకు, తర్వాత నాకు చూపించాడు. హైదరాబాదులో ఒక పాటల కంపెనీతో మాటలు నడుస్తున్నాయి, గొంతు సంగతి బయటికి పొక్కితే వాళ్లు వెనక్కి పోతారు. దాని కింద నాకోసం విడిగా ఒక వరస: "అక్కా, మీ తమ్మునికి గూడా చెప్పాకు."

"చెప్పను" అన్నాను.

ఇంటికి పోయేసరికి మా తమ్ముడు నట్టింట్లో అట్టల మీద రంగు వేస్తూ కూర్చున్నాడు. ముక్కు మీద పచ్చరంగు. "అక్కా, ఈసారి నువ్వు ముందు వరసలో కాదు, స్టేజీ పక్కనే. నేను మాట్లాడినా" అన్నాడు. సరే అన్నాను. ఆ రోజు అన్నం సయించలేదు. వాడు గమనించి, "ఏమక్కా, అట్లుండావు?" అంటే తలనొప్పి అన్నాను.

మరునాడే బ్యాండు పేజీలో రెండు వాక్యాలు వచ్చాయి. అనివార్య కారణాల వల్ల కర్నూలు కచేరీ వాయిదా. కొత్త తేదీ లేదు. మా తమ్ముని ఫోన్ ఆగకుండా మోగింది. అందరూ వాణ్నే అడుగుతున్నారు, వానికేమీ తెలియదు. ఆ పిల్లాడికి ఫోన్ చేస్తే ఎత్తడు. మిగతా ముగ్గురూ "ఆగండప్పా, చెప్తాం" అంటారు తప్ప చెప్పరు. రెండు రోజులకు ఆ హైదరాబాదు కంపెనీ వాళ్లు ఒక ఫోటో పెట్టారు. ఆ పిల్లాడు వాళ్ల ఆఫీసులో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అది పాతదని నాకు తెలుసు. అతను ఆ రోజు కర్నూలులో తన ఇంటి మేడ మీద నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడని తెలుసు. చెప్పడానికి లేదు.

మా తమ్ముడు ఆ ఫోటో నా ముఖం ముందు పెట్టాడు. "చూడక్కా. వీళ్ల కోసం మనకు ఎగ్గొట్టినాడు. సొంతూరంటే లెక్కల్యా."

"ఏదో కారణముంటాదిలేరా."

"ఏం కారణం? చెప్పమను. ఒగ్గ మాట చెప్తే వాని గొంతేమన్నా పోతాదా?"

వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్లు పోతూనే ఉన్నాయి. ఎంతసేపటికో గాని ఆపలేదు.

మా తమ్ముని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో రోజురోజుకీ మాటలు ముదిరాయి. పెద్దోడైపోయినాడన్నారు. మన యాసను అమ్ముకుని మనల్నే మరిచినాడన్నారు. ఆరేళ్లు అతని పాటలు భుజాన మోసినవాళ్లే. బయటివాళ్లెవరైనా ఆ మాట అని ఉంటే కొట్లాటకు పోయేవాళ్లు. మా తమ్ముడు శనివారం నాడు, "రేపు పొద్దున ఇంటికే పోతాం. మొగం చూసి అడుగుతాం" అన్నాడు.

"పోవాకురా."

"ఏమిటికి?"

"ఇంటి మీదికి పోవడం మర్యాద కాదు" అన్నాను. వాడు నవ్వాడు. "మర్యాద సంగతి వానికి చెప్పు."

లెక్క చూసుకున్నాను. ఆదివారానికి తొమ్మిది రోజులవుతాయి, ఇంకా ఐదు మిగిలే ఉంటాయి.

ఆ పిల్లాడిది పాతబస్తీ సందులో ఇల్లు. కింద వాళ్ల నాయన కిరాణా అంగడి, పైన కాపురం. నేను స్కూటీ మీద పోయేసరికే ఇరవై మందికి పైగా మూగి ఉన్నారు. మా తమ్ముడు ముందున్నాడు. పెద్దాయన తక్కెడ ముందు నిలబడి అందరి ముఖాలూ చూస్తున్నాడు.

"ఏమప్పా, అందరూ ఒగేసారి వచ్చినారే. ఏం కావాల?"

"నీ కొడుకును బయటికి రమ్మను పెద్దాయనా. ఒగ మాట అడగాల."

"వాడు ఊర్లో లేడప్పా."

ఎవరో పైకి చేయి చూపారు. "అదిగో, కిటికీలో ఉండాడు! ఇంట్లో పెట్టుకొని లేడంటావా?"

అక్కడినుంచి కేకలు మొదలయ్యాయి. ఒకడు అంగడి తలుపుకు అంటించిన కచేరీ పోస్టరును సర్రున చించాడు. పెద్దాయన అడ్డం పోయాడు. ఎవరు తోశారో, కావాలని తోశారో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆయన కాలు మెట్టు మీద జారింది. వెనక్కి ఒరిగి ఎండుమిరపకాయల గంపలో చేయి పెట్టి, గంపతో సహా కింద పడ్డాడు.

ఆ పిల్లాడు మెట్ల మీదినుంచి పరుగెత్తుకుంటూ దిగాడు. నేను గుంపు పక్కగా తోసుకుంటూ పోతున్నాను. అతని ముఖం కందిపోయింది. నాయనను చూశాడు, గుంపును చూశాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. మెడ నరాలు ఉబ్బాయి. తర్వాత జరిగేది ఏమిటో ఆ సందులో నాకొక్కదానికే తెలుసు. తెర మీద చూసిన ఆ ఎర్రటి తంత్రి నా కళ్ల ముందు నిలిచింది.

"అరవాకు!" అన్నాను. "నోరు తెరవాకు! గమ్మునుండు!"

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. సందు మొత్తం నావైపు తిరిగింది. అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగి, మెల్లగా మూసుకున్నాడు. చేయి తనంతట తానే గొంతు మీదికి పోయింది.

మా తమ్ముడు ఆ చేతిని చూశాడు. నన్ను చూశాడు. నేను ఎక్కడ పనిచేస్తానో వాళ్లలో సగం మందికి తెలుసు.

"అక్కా, మీ ఆసుపత్రికి వచ్చినాడా?"

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే చెప్పడమైపోయింది.

కింద పడ్డ పెద్దాయన మోచేయి పట్టుకుని లేచి కూర్చున్నాడు. కోపంగా చూసి ఉంటే భరించేదాన్ని. "చెప్పేసినావు కదమ్మా" అన్నాడు, నెమ్మదిగా.

గుంపులోని పిల్లలు ఒక్కొక్కరే వంగి మిరపకాయలు ఏరి గంపలో వేశారు. ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. మా తమ్ముడు పెద్దాయన కాళ్లు పట్టుకోబోతే ఆయన వెనక్కి లాక్కున్నాడు. వెళ్లేముందు మా తమ్ముడు అందరినీ సందు మొదట్లో ఆపి, "ఎవరూ ఈ మాట యాడా పెట్టాకండి. ఇంట్లో గూడా చెప్పాకండి" అన్నాడు. అందరూ తలలూపారు.

సోమవారం పొద్దున రోగులు రాకముందే డాక్టరమ్మ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె గది తలుపు దగ్గరగా వేసింది.

"అరిచి ఉంటే అతని గొంతు పోయుండేది, నిజమే. కానీ అతను నమ్మి మనకు చెప్పింది నీ నోటి నుంచి బయటికొచ్చింది. రేపు ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏ ధైర్యంతో కూర్చుంటారు?"

నన్ను తీసేయలేదు. మూడు నెలలు గొంతు పరీక్షల గదిలోకి రావొద్దంది. నాకు అది ఎక్కువనిపించలేదు.

మంగళవారానికే సంగతి బయటపడింది. ఆ గుంపులో ఎవడో ఫోన్లో తీసిన వీడియో ముక్క, నేను అరుస్తున్న ముక్క, ఒక యూట్యూబ్ చానల్లో వచ్చింది. "గాయకుడి గొంతు పోయిందా?" అని పెద్ద ఎర్రక్షరాలు. ఎవరు పంపారో మా తమ్ముడు ఇరవై మందినీ అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ వారమే హైదరాబాదు కంపెనీ "కొన్నాళ్లు ఆగుదాం" అన్నదట. తర్వాత వాళ్లు మళ్లీ పిలవలేదు.

పద్నాలుగో రోజు ఆ పిల్లాడు పరీక్షకు వచ్చాడు. గొంతు పరీక్షల గది తలుపు మూసుకుంది. నేను బయట, ఒక ముసలాయన చెవులకు యంత్రం తగిలించి, ఏ చెవిలో శబ్దం వస్తోందో అడుగుతూ, ఆ తలుపు వైపే చూస్తున్నాను. ముసలాయన రెండుసార్లు చేయెత్తినా నేను రాసుకోలేదు. ఆ పిల్లాడు బయటికొచ్చి నా ముందు ఆగాడు. డాక్టరమ్మ కొద్దిగా మాట్లాడొచ్చని చెప్పిందో లేదో తెలియదు, ఫోన్లోనే టైపు చేశాడు. "రక్తం ఇంకిపోయిందంట. మచ్చ లేదంట. బొడిపెలకు మూణ్ణెల్లు పడతాది." నేను చదివి తలెత్తేలోపు ఇంకో వరస రాశాడు. "ఆ పొద్దు నువ్వు అరవకపోయింటే నేను అరిచుండేవాన్ని."

ఇంకా ఏదైనా రాస్తాడేమోనని ఎదురుచూశాను. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అది మెచ్చుకోలో, ఊరికే ఉన్నమాటో నేను తేల్చుకోలేకపోయాను. కంపెనీ గురించి అతను ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

మూడు నెలలు గొంతు వ్యాయామాలు చేశాడు. బొడిపెలు తగ్గాయి. నలుగురూ కలిసి కడపలో ఒక చిన్న గదిలో తమ పాటలు తామే రికార్డు చేసుకుని బయటికి వదిలారు. కంపెనీ ఉంటే ఎక్కడిదాకా పోయుండేవాళ్లో నాకు తెలియదు. కానీ ఆ పాటలు మా ఊళ్లు దాటి చాలా దూరం పోయాయి. రోడ్డు పక్క టీ అంగళ్లలో కూడా విన్నాను.

వాయిదా పడ్డ కచేరీ ఐదు నెలల తర్వాత ఒక బడి మైదానంలో, సాయంత్రం పూట జరిగింది. పోవాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే మా తమ్ముడే బండి ఎక్కించుకున్నాడు. ముందు వరసకు పోలేదు. వెనక, గోడ పక్కన నిలబడ్డాం. చాపల మీద కూర్చున్న ఆ ముప్పై మందిలో ఎంతమంది వచ్చారో వెతకడానికి కూడా వీల్లేనంత జనం.

అతను శ్రుతి తగ్గించి పాడాడు. అందరూ ఎదురుచూసే ఒక చోట, ఎప్పుడూ గొంతు పైకి ఎత్తే చోట, అతను మైకుకు ఒక అడుగు వెనక్కి జరిగి గిటారుకు వదిలేశాడు. జనం ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

"ఆ పైది పోయిందక్కా" అన్నాడు మా తమ్ముడు, తల దించుకుని.

"పోలే. దాచుకుంటాండాడు" అన్నాను.

అది నిజమో కాదో నాకూ తెలియదు. ఆ రెండు గంటలూ నేను అతని మెడనే చూస్తున్నాను. నరం ఎప్పుడు ఉబ్బుతోంది, ఊపిరి ఎక్కడ పీలుస్తున్నాడు, నీళ్లు తాగి ఎంతసేపయింది. ఏ పాట తర్వాత ఏ పాట పాడారో ఇంటికి పోతూ మా తమ్ముడు చెబితే గానీ నాకు తెలియలేదు.