మేస్త్రి తన పంకా తానే కోసిన రోజు

నా పేరు కొప్పుల రాఘవమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందని అడగొద్దు. మాచవరం నుంచి బండిబాట పట్టి వస్తే కృష్ణ ఒడ్డున మా ఇల్లు. నేను, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, ఒక పాడిగేదె. మా ఆయన బతికున్నన్నాళ్ళు గడ వేసి పడవ నడిపాడు. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే బడి పంతులు గారు రాస్తున్నారు. నా మాట నున్నగా చేయవద్దని ఆయనకు ముందే చెప్పాను.

నరసరావుపేట ఇత్తడి పోత మేస్త్రి పోయాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, దుకాణం ముందు మంచం మీద కూర్చుని టీ తాగి, గ్లాసు కింద పెట్టి పక్కకు వాలాడట. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ఆ కబురు వినగానే ఏడ్చాను. ఏడ్చాక గుండె తేలికపడింది. అంత మనిషికి అంత సుళువైన చావే రావాలి.

నా కొడుకు వెళ్ళి మట్టి వేసి వచ్చాడు. బస్సులో వాడి వెనక ఎవరో అంటున్నారట: “పంకా లేదు, గింకా లేదు. ఆ పడవ కుర్రోడు పెట్రోలు అమ్ముకునేవాడు. భయపెట్టాక మానుకున్నాడు, మోటారు బాగుపడింది.” తన మీద పడ్డ ఆ మాట దిగమింగుకుని వాడు ఇంటికొచ్చి నాతో చెప్పాడు. నేను దిగమింగే మనిషిని కాను. నిజం తెలిసిన మనిషి మట్టిలోకి వెళ్ళాడని నిజం కూడా వెళుతుందా? అందుకే ఇది రాయిస్తున్నాను. చదివేవాళ్ళు చదవండి, చదివించుకుని వినేవాళ్ళు వినండి.

ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న సామాన్లలో పడవకు తగిలించే మోటారొకటి బెజవాడలో వేలానికి వస్తే మా రేవు పాటదారు కొనుక్కొచ్చాడు. ఏటేటా రేవును వేలంలో పాడుకునేది ఆయన. పడవ ఆయనది, మోటారు ఆయనది, నడిపే చెయ్యి నా కొడుకుది. మోటారును పడవ వెనక చెక్కకు బిగిస్తారు. పైన ఇంజను, అడుగున నీళ్ళలో తిరిగే మూడు రెక్కల పంకా. ఇంజను తల మీద తాడు చుట్టి గట్టిగా లాగితే కూత మొదలయ్యేది. పడవ నడి ఏటికి వెళ్ళేసరికి ఆ కూత పైకి లేచి, కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకే తీరున సాగేది. నేను ఒడ్డున పిడకలు చరుస్తూ రోజూ వినేదాన్ని.

ఆ వేసవిలో నీళ్ళు తగ్గి రాళ్ళు తేలాయి. పంకా రాతికి తగిలి ఒక రెక్క విరిగింది. అట్లాంటిది బజారులో దొరకదు. ఇత్తడి కరిగించి బిందెలు, గుండిగలు పోసే మేస్త్రిని పాటదారు నరసరావుపేట నుంచి పిలిపించాడు. నేను ఆయన్ని మొదట చూసింది అప్పుడే.

బొగ్గుతో నడిచే బస్సు దిగి, తలగుడ్డ దులుపుకుంటూ వచ్చాడు. నా వాకిట్లో నీళ్ళ బిందె కనపడగానే వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు.

“అక్కా, ఇది ఎవడో కునుకుతా పోశాడు” అన్నాడు.

“ఇరవై ఏళ్ళు మోశాను, నాకు కునుకు రాలేదులే” అన్నాను.

అంతే, ఆ రోజు నుంచి నేను అక్కనయ్యాను. మజ్జిగ ఇస్తే జేబులోంచి తాను పోసుకున్న చిన్న గ్లాసు తీసి అందులో పోయించుకునేవాడు. మజ్జిగ బాగుంటే ఆ పేరు గ్లాసుకు వచ్చేది, పులిస్తే నాకు వచ్చేది. ఎవరి గిన్నె చూసినా కొట్టి వినడమే. “కళ్ళు అందరికీ ఉంటాయి, పోత పోసేవాడికి చెవి ఉండాల” అనేవాడు. వినయం తెలిసిన మనిషి అని నేను అబద్ధం చెప్పను. తన గుండిగలో మూడు తరాల పెళ్ళిళ్ళు వండొచ్చని సంతలో అరిచి చెప్పుకునేవాడు.

రేవులో ఉన్నవాళ్ళు ఆయన్ని ఎగదోశారు. ఇంత కృష్ణకు ఈ గరిటెంత పంకా ఏమిటని నవ్వారు. ఆయన పడవ చుట్టూ తిరిగి చూశాడు. ఈ మోటారు తేలిక పడవల కోసం చేసింది, మనది బరువు పడవ, కాబట్టి రెక్క వెడల్పుగా పోస్తానన్నాడు. అందరం తలలూపాం. విరిగిన పంకాను నమూనాకు పట్టుకెళ్ళి, దానికంటే బాగా పెద్దది పోసి పంపాడు. ఎంత మెరుపో! రేవులో పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి బిగించారు.

బిగించిన రోజు నుంచే తంటా. జనం, మిరపకాయ బస్తాలు ఎక్కేసరికి ఇంజను గొంతులో ముద్ద అడ్డం పడ్డవాడిలా మూలిగేది. కూత పైకి లేచేది కాదు. నల్లటి పొగ. చెయ్యి పెట్టలేనంత వేడి. పెట్రోలు ఇదివరకటికంటే ఎక్కువ తాగేది. అవి పెట్రోలు కూపన్ల మీద ఇచ్చే రోజులు. నా కొడుకు పెట్రోలు అవతల ఒడ్డున అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడని పాటదారు అనుమానపడ్డాడు. పంకాను ఎవరూ అనుమానించలేదు. అంత మెరిసే వస్తువు మీద తప్పు ఎవరికి తోస్తుంది?

ఒక సాయంత్రం పాటదారు అందరి ముందూ మోటారు తాడు నా కొడుకు చేతిలోంచి లాక్కుని తన భుజాన వేసుకున్నాడు. పొద్దున్నే ఠాణాకు వెళదామన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

“నా కొడుకు దొంగైతే ఆ సొమ్ముతో పొగ మా పొయ్యిలోంచి రావాల. నీ మోటారులోంచి ఎందుకొస్తా ఉంది?”

“అత్తా, నువ్వు తప్పుకో” అన్నాడు.

ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఠాణా గడప తొక్కి వచ్చినవాడికి మళ్ళీ ఏ రేవులో పడవ ఇస్తారు? కోడలు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

తెల్లవారి వాళ్ళు బయలుదేరబోతుండగా మేస్త్రి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తన పంకా తిరుగుతుంటే చూసుకుని, పాతది తిరిగి ఇచ్చి పోదామని వచ్చాడు. సంగతి విని, ఒకసారి నడిపి చూపించమన్నాడు. పాటదారే తాడు లాగాడు. పడవ బస్తాలతో ఏట్లోకి సాగింది. మేస్త్రి ఒడ్డున చెయ్యి చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది.

పడవను వెనక్కి పిలిచి, సంచిలోంచి విరిగిన పంకా తీసి బిగించమన్నాడు. పెట్రోలు మార్చలేదు, బస్తా దించలేదు. తాడు లాగారు. ఒక రెక్క లేదు కాబట్టి పడవ గడగడ వణికింది, నడక కుంటింది. కూత మాత్రం పాత కూతే. పొగ లేదు.

ఆయన అప్పుడు నోరు మూసుకుని బస్సెక్కితే అడిగేవాడు లేడు. రేవంతా వినేలా చెప్పాడు:

“పాటదారు గారూ, పెట్రోలు అదే, ఇంజను అదే. మారింది నా పంకా ఒక్కటే. బరువు పడవ అని రెక్క పెంచాను. తగ్గించాల్సింది. దాన్ని తిప్పలేక ఇంజను చస్తా ఉంది. తప్పు నాది. ఆ పిల్లాడి మీద మాట పడనీయొద్దు.”

తర్వాత ఏటి అంచున నాపరాతి మీద కూర్చుని, రంపం తీసి, తాను పోసిన పంకాను తానే కోయడం మొదలుపెట్టాడు. బంగారం లాంటి పోత పాడుచేయకని ఎవరో అంటే, “నా పేరు కోసం పోశాను. ఇంజను కోసం కోస్తున్నా” అన్నాడు. తల ఎత్తలేదు.

అంచులు కోసి, ఆకురాయితో అరగదీసి, బిగించి చూసేవాడు. కొంత నయం. మళ్ళీ విప్పేవాడు. మొదట్లో ఆ కూత ఎట్లా ఉండేదో ఆయనకు తెలియదు. నా వైపు తిరిగాడు.

“అక్కా, ఇది మొదట పలికిన పలుకు నీకు తెలుసు. అది వచ్చినప్పుడు చెయ్యెత్తు. మొహమాటపడమాక.”

“నాకు మొహమాటమా?” అన్నాను.

ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా నేను చెయ్యెత్తలేదు. ఆయన విసుక్కోలేదు. మరీ కోసేస్తే ఇంజను ఊరికే పిచ్చిగా తిరుగుతుంది, నీళ్ళను నెట్టదు, అందుకే గీతలు గీతలుగా తీస్తున్నానని చెప్పాడు. “ఇంజను తనకు తగినన్ని చుట్లు తిరగాల. ఎక్కువా కాదు, తక్కువా కాదు” అన్నాడు.

చివరికి పడవ నిండు బరువుతో నడి ఏటికి వెళ్ళింది. మూలుగు పోయింది. కూత లేచి, కందిరీగల తుట్టెలా నిలబడింది. నా చెయ్యి లేచింది. అంత నిశ్చింత నా పెళ్ళినాడు కూడా ఎరగను.

పాటదారు ఒడ్డుకు వచ్చి, తాడు నా కొడుకు చేతిలో పెట్టాడు. మేస్త్రి తాను కోసిన ఇత్తడి ముక్కలు ఏరి, తలగుడ్డ అంచు చింపి మూటకట్టి నాకిచ్చాడు. “ఎవరన్నా నోరెత్తితే ఇవి చూపించు” అన్నాడు. అవి మా ఉట్టి మీద ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్ళు రండి, రెక్కలకు ఆనించి చూసుకోండి.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆయన నన్ను బాగున్నావా అని అడిగింది లేదు. “కూత ఎట్లా ఉందక్కా?” అనేవాడు. బాగుందంటే గ్లాసు తీసేవాడు.

నిన్న పాటదారు ఇంటికి వెళ్ళాను. ఆ రోజు తాడు నీ చేత్తో ఇచ్చావు, ఇచ్చినట్టు సంతకం పెట్టమన్నాను. “పెడతాలే అత్తా, అరవమాక. ఆయన లేకపోతే నేను పాపం మూటగట్టుకునేవాణ్ణి” అన్నాడు. ఇప్పుడు సాక్షిగా నా పక్కనే కూర్చున్నాడు. ఇక నాకు దిగులు లేదు.

మట్టి వేసి వచ్చిన మర్నాడు నా కొడుకు మామూలుగానే తాడు లాగాడు. సంతకు వెళ్ళే జనం, బస్తాలు, రెండు మేకలు. పడవ నడి ఏటికి చేరింది, కూత లేచింది. పిడకల చేతులతో నిలబడి విన్నాను. నాపరాతి మీద నా వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా నా చెయ్యి దానంతట అదే లేచింది. పడవ అవతలి ఒడ్డు తాకేదాకా దించలేదు.

పైన ఉన్నదంతా నా నోటి మాట. పంతులు గారు చదివి వినిపించగా విని ఒప్పుకుని పెట్టిన కొప్పుల రాఘవమ్మ వేలిముద్ర.

ఎదుట ఉండి చూసినవాళ్ళు: రేవు పాటదారు కోటయ్య, సంతకం. పొరుగింటి మస్తానమ్మ, వేలిముద్ర. రాసినవాడు, బడి పంతులు దేవసహాయం.