గోడ అవతలి సమాధులు

జనగామలో మా పక్కింటివాళ్లు ఇంటికి సున్నం కొట్టిస్తున్నారు. ఆ పచ్చి సున్నం వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దంతాలపల్లి దగ్గరి మా ఊళ్లో క్రిస్మస్ వస్తోందంటే చర్చికన్నా ముందు సమాధుల మధ్య గోడకు సున్నం పడేది. గోడకు ఇవతల, మెరక మీద, పెద్దకులాల నుంచి యేసును నమ్ముకున్నవాళ్ల సమాధులు. అవతల, వాననీళ్లు నిలిచే పల్లంలో, మా మాదిగవాడవి. చర్చిలో అందరిదీ ఒకే పాట, చచ్చాక మాత్రం వేరువేరు మట్టి! చిన్నప్పుడు నాకది మామూలు గోడే. అది ఎందుకుందో అడగడం నేర్పింది మా సండేస్కూల్ టీచరు సువార్తమ్మ.

ఆమె మా వాడ మనిషే. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. పాఠం మధ్యలో గుసగుసలాడితే సుద్దముక్క విసిరేది. ఆమె భర్త దేవదానం బతికినన్నాళ్లూ చర్చి గంట కొట్టాడు. మెరక మీది సమాధులకు గుంతలు తవ్వింది కూడా ఆయనే. ముసురు రోజుల్లో ఆయన పోయాడు. పల్లంలో గుంత తవ్వుతుంటే నీళ్లు ఊరుతున్నాయి. "జర మెరక మీద జాగ ఇయ్యుండ్రి" అని టీచరమ్మ చర్చి సంఘపెద్దను అడిగింది. "అది మా ఇండ్లోళ్ల జాగ గదా సువార్తమ్మా, ఎప్పటి రివాజు అదే" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. బకెట్లతో నీళ్లు తోడితోడి, ఆ బురదలోనే పెట్టెను దించాం. ఎంత సిగ్గుమాలిన మర్యాద!

తర్వాత బల్ల ఆదివారం వచ్చింది. అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మనసులో పగ పెట్టుకొని బల్లలో చెయ్యి వేయకూడదని మావాళ్ల పద్ధతి. అందుకే ముందు ఒకరితో ఒకరు సమాధానపడతారు, అంటే పగ మరిచి కలిసిపోతారు. సంఘపెద్ద అందరూ చూస్తుండగా ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"అయిందేదో అయింది. ప్రభువు ముంగట కలిసిపోదాం."

"నేను క్షమించిన అన్నా. గని ఉత్త చేతులతోని వచ్చినవేంది? గడ్డపార పట్టుకొని రా. గోడ కూలగొట్టినంక ఇద్దరం కలిసి తాగుదాం."

పాస్టరు గబగబా పాట ఎత్తుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ప్రతి బల్లకూ వచ్చి ముందు వరుసలో కూర్చునేది, ద్రాక్షరసం గిన్నె వస్తే వద్దనేది. "పాపం కాదా టీచరమ్మా?" అని భయపడుతూ అడిగాను. "నేనొద్దన్నది ప్రభువును కాదు బిడ్డా. గోడ ఉండంగనే కలిసిపోయినమని ఆయన ముంగట అబద్ధమెట్ల ఆడాలె?" అంది.

నిరుడు ఆమె పోయింది. సంఘపెద్ద తనే మా వాడకు వచ్చాడు. "టీచరమ్మకు మెరక మీద జాగ ఇస్తున్నం" అన్నాడు. ఆమె కూతురు రూతు నావైపు చూసింది. తల్లికి తడిలేని చోటు దొరుకుతుందంటే ఏ బిడ్డకు ఆశ ఉండదు?

"మరి మా నాయిన?" అంది రూతు.

"ఆయన సంగతి ఇప్పుడెందుకు? ఆమెకైతే గౌరవం ఇస్తున్నం గదా."

"ఒక్కదానికి గౌరవం, కడమోళ్లకు బురదనా? వద్దు. గోడ తీయుండ్రి, అందరం వస్తం."

ఏడుస్తూనే అంది ఆ మాట. ఏడుస్తూనే టీచరమ్మను భర్త పక్కన పెట్టాం.

గోడ ఇంకా కూలలేదు. సమాధానం పేరు చెప్పి మా నోరు మూయించే వాళ్లూ తగ్గలేదు. బల్ల ఆదివారాల్లో నేను బస్సెక్కి మా ఊరు పోతాను. గిన్నె నా దగ్గరికి వస్తుంది. తాగాలని ప్రాణం కొట్టుకుంటుంది, అయినా వద్దంటాను. రూతు వద్దంటుంది. మా వెనక వాడ వాడంతా వద్దంటుంది. పాస్టరు నిండు గిన్నె పట్టుకొని, తొణకకుండా, వెనక్కి నడుస్తాడు.