గోరుముద్దకు పనికిరాని గోరు

ఇంకో ముద్ద నోటిదాకా తీసుకెళ్ళగానే మా చిన్నది మొహం పక్కకు తిప్పుకుంది. "అమ్మా, నీ గోరు కంపు కొడతాంది" అంది. పెరుగన్నం తినకుండా వేషాలు వేస్తోందనుకుని ముద్ద నోట్లో కుక్కాను. ఉమ్మేసింది. అప్పుడు నా ఉంగరం వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నానబోసి మరిచిపోయిన మినప్పప్పు గిన్నె మూత తీసినట్టుంది. పొద్దున అదే చేత్తో పెద్దవాడికి ఇడ్లీ తుంచి పెట్టాను.

అవి సొంత గోటి మీద అంటించే అక్రిలిక్ గోళ్ళు. గిద్దలూరులో మరిది పెళ్ళి ఉందని మార్కాపురం పార్లర్‌లో ముందుగానే పెట్టించుకున్నాను. లేత గులాబీ రంగు, చివర తెల్లటి అంచు. ఫ్రెంచ్ టిప్స్ అంటారు. ఎక్కువ రోజులు నిలవాలంటే గిన్నెలు తోమేటప్పుడు గ్లవుజులు వేసుకోవాలని, గోటి మొదట్లో రోజూ నూనె రాయాలని, సొంత గోరు పెరిగి సందు వచ్చినా, అంచు లేచినా వచ్చి సరిచేయించుకోవాలని పార్లర్ అమ్మాయి చెప్పింది. నూనె రాశాను. గ్లవుజులు తొందరలోనే చిరిగాయి. అయినా బియ్యం కడగడానికి, పిల్లల ముడ్లు కడగడానికి ఎన్నిసార్లని తొడుక్కుంటాం? కూరల్లో పసుపు తగిలి తెల్ల అంచు పాచిపళ్ళలా తయారైతే టూత్‌పేస్టు పెట్టి రుద్దాను. ఉంగరం వేలి గోరు ఒక పక్క లేచింది. దాని కోసం మా తర్లుపాడు నుంచి మళ్ళీ ఆటో ఎక్కాలా అని, తెగిన చెప్పులు అంటించే గమ్ము ఒక చుక్క వేసి నొక్కేశాను. బట్టలు ఉతికి లేచిన తడి చేతితోనే. ఆ తడి లోపలే ఉండిపోతుందని తోచలేదు.

అప్పుడే మా అత్త చూసి నవ్వింది. "గోరుముద్దలు పెట్టే చేతికి ఈ అట్టగోర్లేంది అమ్మాయ్? పిల్లోళ్ళకి అన్నం పెడతాండావా, గమ్ము పెడతాండావా?" ఈరోజు చిన్నది ఉమ్మేయడం చూసి మాత్రం నవ్వలేదు. నా చేతిలో గిన్నె లాక్కుని అన్నం కుక్కకు వేసి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మార్కాపురం పోయాను. పార్లర్ అమ్మాయి దూదిని మందులో తడిపి వేలికి చుట్టింది. పైగోరు మెత్తబడి ఊడొచ్చింది. కింద నా గోరు ఆకుపచ్చగా ఉంది. గేదెల తొట్టి అడుగున పట్టే పాచి రంగు. తుడిస్తే జిగురు వచ్చింది గానీ రంగు పోలేదు. ఆమె గొంతు తగ్గించి, "పెళ్ళి దగ్గర పెట్టుకోని దిగులెందుకక్కా? దీని పైన కొత్తది పెడతా. ఫోటోల్లో ఎవురికి తెలుస్తాది?" అంది. ఇంతకుముందు ఒక పెళ్ళికూతురికి అట్లనే పెట్టిందట. నాకు గోరు కంటే ఆ మాట ఎక్కువ రోత పుట్టించింది. అంతకన్నా రోత, మిగతా వేళ్ళ మీద మెరుస్తున్న తెల్ల అంచుల వైపు నా చూపు పోవడం.

అన్నీ తీసెయ్యమన్నాను.

అటునుంచి అటే పోయి చూపించుకుంటే డాక్టరు గోటికి చుక్కల మందు రాసిచ్చి, బాగయ్యేదాకా ఆ చేత్తో అన్నం కలపొద్దన్నాడు. చిన్నదానికి వాంతులు గానీ విరేచనాలు గానీ అయితే వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆ రాత్రి ఎడమచేత్తో దాని పొట్ట తడుముతూనే ఉన్నాను. ఉమ్మింది సరే, అంతకుముందు మింగినవాటి సంగతేంటి? కుడిచేయి దుప్పటి బయట, ఎవరిదో అయినట్టు, దూరంగా పెట్టుకున్నాను.

తెల్లారేసరికి చిన్నది ఆకలని లేచింది. మా అత్త ఉప్మా కలుపుతుంటే పిల్లలిద్దరూ ఎదురుగా కూర్చున్నారు. నా వేలు చూపించి చెప్పాను. "అమ్మ గోరు కుళ్ళింది. బాగయ్యేదాకా నాయనమ్మ పెడతాది. నిన్న చిన్నది ఉమ్మేసి మంచిపని చేసింది. పెట్టే చేయి కంపు కొడితే, అది అమ్మ చెయ్యైనా సరే, నోరు తెరవమాకండి."